సుద్దపువ్వులు

మన హైస్కూల్ గ్రూపులో ఈ ఉదయం పెట్టిన ఫోటోలు చూశారా? సైన్స్ ఫెయిర్‌లో బహుమతి కొట్టిన పిల్లల వెనక మన నల్లబోర్డు, చుట్టూ రంగు సుద్దలతో పువ్వులు. చూడగానే నా ముక్కుకి సుద్ద వాసన తగిలింది.

గుర్తుందా, ఖోఖోలో గెలిచినా, మాస్టారికి పాప పుట్టినా, ఎవరింట్లో ఎవరు పోయినా ప్రార్థనకి ముందే ఆ బోర్డు మీద రాయాలి. దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకిచ్చారు. మంచి కబురైతే చుట్టూ పువ్వులు వేయడం నేను పెట్టిన అలవాటే.

ఆ రోజు తెలుగు మాస్టారు ఇచ్చిన చీటీలో మన సుభద్ర వాళ్ల నాన్నగారు బడి ఉన్న ఊళ్లోనే ఆసుపత్రిలో పోయారని ఉంది. సుభద్ర ఇంటి దగ్గరే ఉంటుందనుకున్నాం అందరం. ఏడుస్తూనే రాశాను. చెయ్యి అలవాటుకొద్దీ పువ్వులు కూడా వేసేసింది.

"ఏంటే, ఇవాళ ప్రైజు ఎవరికొచ్చింది?"

వెనక సుభద్ర. కబురు ఇంటికి చేరేలోపే, రోజూలాగే బడికి రావడానికి సామర్లకోటలో రైలెక్కేసిందట.

డస్టర్ స్టాఫ్‌రూంలో ఉంది. వాళ్ల నాన్నగారి పేరు మీద అరచెయ్యి పెట్టాను. పదమూడేళ్ల పిల్ల చెయ్యి, సగం పేరే దాగింది.

ఇవాళ ఆ ఫోటో కింద మొదటి మాట సుభద్రదే. "పువ్వులు ఎవరు వేశారో గానీ, భలే ఉన్నాయండి."

జవాబు రాద్దామని పొద్దుట్నుంచి కూర్చున్నాను. రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఫోన్లో చెరపడం ఎంత తేలికో.