పచ్చకళ్ళ ప్లంబరు

మా వీధి ప్లంబరుకు తాగి తాగి కామెర్లొచ్చాయన్నది శుద్ధ అబద్ధం. అతను తాగేది టీ ఒక్కటే, అదీ ఊదుకుంటూ. కుండకైతే మూకుడుంది గానీ లోకం నోటికి ఏ మూకుడు పెడతాం?

వానలకు వీధి మోకాలి లోతు మునిగింది. ఆ నీళ్ళలో డ్రైనేజీ మూత ఎక్కడుందో కంటికి కనపడదు. ప్లంబరు మాత్రం కాలి బొటనవేలితో తడిమి పట్టేస్తాడు. బూట్లు తొడిగితే వేలి కళ్ళు మూసుకుపోతాయట! ఇంటి దగ్గర బట్టలు కుట్టే భార్య, "ఆ వేలు తెగి ఉంది కదయ్యా" అని మొత్తుకున్నా వినలేదు. మూత లేవగానే ఎలుకలు పెళ్ళివారిలా బిలబిలమంటూ బయటికొచ్చాయి. నీళ్ళు దిగాయి. వీధంతా ఈలలు వేసింది.

కొన్నాళ్ళకు ప్లంబరుకు చలిజ్వరం పట్టుకుంది. పిక్కలు ముట్టుకుంటే కేకలు. కళ్ళు ముందు ఎర్రబడి, తర్వాత పచ్చబడ్డాయి. ఎదురింటి ఇస్త్రీ ఆయన కిటికీలోంచి తొంగిచూసి, "ఇది సీసా తెచ్చిన రంగే" అని తీర్పు చెప్పేశాడు.

భార్యకు ఒళ్ళు మండింది. మొగుణ్ణి ఆటోలో కుదేసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"తాగుతావా?" అడిగింది డాక్టరమ్మ.

"అప్పుడప్పుడు" అన్నాడు ప్లంబరు.

"అప్పుడప్పుడా!" భార్య విరుచుకుపడింది. "సీసా మూత వాసనకే వాంతి చేసుకునే మొహం! డాక్టరమ్మా, ఈయన తాగలేదు, మురుగునీళ్ళలో దిగాడు. ఆ వేలు చూడండి."

వేలు చూశాక డాక్టరమ్మ రక్తపరీక్షకు పంపింది. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్ళు తెగిన చర్మంలోంచి ఒంట్లోకి పోతే వచ్చే జబ్బని తేలింది.

"వెంటనే మందు పడకపోతే కిడ్నీలు చేతులెత్తేస్తాయి" అంది డాక్టరమ్మ భార్యతో. "ఇది మనిషికీ మనిషికీ అంటుకోవడం చాలా అరుదు, నీళ్ళతోనే భయం. అందులో దిగినవాళ్ళెవరికైనా జ్వరమొస్తే వెంటనే రమ్మను."

దిగింది సగం వీధి. ఈ కబురు వినగానే ఇస్త్రీ ఆయన తీర్పులు మానేసి తన పిక్కలు తనే నొక్కి చూసుకున్నాడు.

మందులు పనిచేశాయి. కళ్ళు తెల్లబడుతున్నాయి. మంచం పక్కన కూర్చుని భార్య సూటిగా అడిగేసింది.

"ఏమయ్యా, ప్రాణం మీదికొస్తుంటే ఆ తాగుడు అబద్ధం దేనికి?"

ప్లంబరు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"తాగుబోతు ప్లంబరునైతే తిట్టుకుంటూనైనా పిలుస్తారే. మురుగు రోగం పట్టినోణ్ణి వంటింటి కుళాయి ముట్టుకోనిస్తారా?"