సీటు కింద ఉప్పుమూట

"వాడు నిజంగానే చేపలెక్కించాడంటావా?" అని అడిగారు మా ఆయన. "ఇప్పుడవన్నీ ఎందుకండీ, కాసేపు కళ్ళు మూసుకోండి" అన్నాను నేను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం మేమిద్దరం చెప్పుకున్న ఆఖరి మాటలు అవే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగినవాటిలో నాకు రూఢిగా జవాబు తెలిసినవి చాలా తక్కువ. ఆ తక్కువలో అదొకటి. తెలిసే చెప్పలేదు.

ఇది ఇవాళ ఎందుకు పైకొచ్చిందంటే, పొద్దున్న మా మరిది కూతురు ఉప్మా తింటూ ఫోన్లో ఒక ఫోటో చూపించింది. ఈ పిల్ల రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటరు ఉద్యోగానికి వచ్చి, బూన్ లేలో నా ఫ్లాటులో నాకు తోడుగా ఉంటోంది. ఫోటోలో వాళ్ళ నాన్న, అంటే మా ఆయన తమ్ముడు, కొత్త పికప్ బండి పక్కన నిలబడి ఉన్నాడు. కెనడాలో లారీ నడుపుతాడులెండి, వెళ్ళి చాలా ఏళ్ళయింది. మోకాళ్ళదాకా మంచు. ఎక్కడ చూసినా బియ్యప్పిండి ఆరబోసినట్టుంది. ముక్కు మాత్రం ఎర్రగా పండిపోయింది పాపం. కింద ఏదో రాశాడంటే చదవమన్నాను. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పునీళ్ళు చక్రాలు చిమ్మితే బండి పొట్టకి అంటుకుని ఇనుముని తినేస్తాయట. అందుకని చలికాలం రాకముందే అడుగంతా నూనె కొట్టించాడట, వారం వారం పొట్ట కింద కడిగిస్తున్నాడట. ఆ చివర ఇంకొక్క మాట. "పెద్దమ్మతో చెప్పు, ఇక్కడ ఊరందరికీ కలిపి ఒకేసారి దిష్టి తీసి, ఆ ఉప్పు రోడ్డు మీదే పోసేస్తారని."

పిల్ల పకపకా నవ్వింది. "మా నాన్నకి జోకులు కూడా వచ్చా పెద్దమ్మా?" అంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ నా ఒక్కదానికే తెలుసనుకున్న సంగతి అతనికీ తెలుసని ఆ ఒక్క ముక్కతో అర్థమైపోయింది. ఉప్మా గిన్నె మీద మూత పెట్టి, "ఆదివారమే కదా, నీ లాప్‌టాప్ తియ్యమ్మా. నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నాను. నాకు అక్షరాలు సంతకం వరకే. గొంతు చూస్తే చిన్నప్పటినుంచీ రంపం కోసినట్టుంటుంది. అయినా చెప్పాల్సినవన్నీ ఆ గొంతుతోనే చెప్పాలి, వేరే గొంతు లేదు.

మాది విశాఖ అవతల సముద్రం ఒడ్డు. మా ఆయన కుర్రతనంలోనే మేనమామ వెంట ఈ దేశం వచ్చి, ఇక్కడే లారీ నేర్చుకుని, ఇక్కడివాడైపోయారు. జురాంగ్ చేపల రేవు నుంచి మార్కెట్లకి చేపల బుట్టలు తోలేవారు. బుట్టల్లోంచి కారే ఉప్పునీళ్ళు బండి అడుగుని ఎలా తిన్నాయో చెబితే నమ్మరు. చిల్లులకి రేకులు అతికించారు, రేకులకీ చిల్లులు పడ్డాయి. బండి పని సాయానికి తమ్ముణ్ణి రప్పించుకున్న కొత్తలో, ఒకరోజు పాయా లేబర్ సిగ్నల్ దగ్గర ఆగితే మా మరిది పక్క తలుపు ఊడి చేతికొచ్చేసింది. ఏం చేస్తాడు? ఇల్లు చేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కింద నిలబడి చూస్తున్నాను నేను. బండి దిగి, ఆ తలుపు చంకలో పెట్టుకుని, "వదినా, నీకు పళ్ళెం తెచ్చాను" అన్నాడు. బ్లాకు బ్లాకంతా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. ఆ రోజే ఒట్టేసుకున్నారు, ఇక జన్మలో చేపలు తోలనని.

ఒట్టు నిలబెట్టుకునే వీలు కూడా కలిసొచ్చింది. అవి కంప్యూటర్ల రోజులు. రెండు వేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఒకటే గోల. ఏ ఆఫీసు చూసినా పాతవి దించడం, కొత్తవి ఎక్కించడం. మన ఊళ్ళ నుంచి పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. మా ఆయనకి పాయా లేబర్ గోడౌను నుంచి రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులకి కంప్యూటర్ పెట్టెలు చేరవేసే పని దొరికింది. తెల్లటి కొత్త పికప్ కొన్నారు. ఈ దేశంలో బండి కొన్నరోజే దానికి పదేళ్ళే ఆయుష్షని కాగితం రాసిచ్చేస్తారు. ఆ పదేళ్ళలో ఒక్క రోజు కూడా తుప్పుకి ఇవ్వకూడదని ఆయన పంతం.

ఆ బండికి జరిగిన సేవ నా పురుళ్ళకి కూడా జరగలేదు. ముందు అడుగంతా తారులాంటి నల్లపూత వేయించారు. ఆదివారం వచ్చిందంటే కంప్యూటరు అట్టపెట్టె విప్పి నేల మీద పరుచుకుని, బండి కింద దూరి, పొట్టంతా మంచినీళ్ళతో తుడిచేవారు. తలుపుల అంచుల్లో బ్రష్షుతో నూనె రాసేవారు. తలుపు అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న చిన్న బెజ్జాలుంటాయి, అవి పూడుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి తుప్పు పడుతుందట. హాకర్ సెంటర్ తిండి కొట్లలో పుల్లకి గుచ్చి కాల్చిన సాటే మాంసం తిన్నప్పుడు ఆ పుల్లలు కడిగి జేబులో వేసుకొచ్చి, ఒక్కో బెజ్జం పొడిచి శుభ్రం చేసేవారు. వాన కురిస్తే తమ్ముణ్ణి తడి చెప్పులతో ఎక్కనిచ్చేవారు కాదు. "ఏటన్నా ఇది, బండా గుడా? కాళ్ళు కడుక్కుని, చెప్పులిప్పి ఎక్కాలా?" అనేవాడు మా మరిది. "గుడే అనుకో రా. ఎక్కి దండం పెట్టుకో" అనేవారు ఈయన.

ఇంత సేవ చూసి బ్లాకులో అందరి కళ్ళూ దాని మీదే. లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళూ మకాన్ అయిందా, అంటే తిన్నావా అని అడగడం మానేసి, బండి కొత్తదా అని అడగడం మొదలుపెట్టారు. నాకు గుండె పీకేది. ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కడతానంటే ఆయన ఇంతెత్తున లేచారు. "నిమ్మరసం ఇనుముకి విషం. నా బండి మీద నీ పిచ్చి పనులు చేశావంటే ఊరుకోను" అన్నారు. సరే, పైన వద్దన్నారు, లోపల వద్దనలేదు కదా అనుకున్నాను. పాత దిండుగలీబు చింపి సంచీ కుట్టాను. అందులో రెండు దోసిళ్ళ కల్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు, ఒక పటిక ముక్క వేసి మూతి బిగించి, మా మరిది కూర్చునే సీటు ముందు రబ్బరు చాప ఎత్తి, దాని కిందనుంచి సీటు అడుక్కి తోసేశాను. ఎవరికీ చెప్పలేదు. దిష్టికి కట్టింది చెబితే పనిచెయ్యదని మా అమ్మ అనేది.

మా పుట్టింట్లో గుమ్మం పక్క ఇలాగే మూకుట్లో ఉప్పు పోసి పెట్టేవారు. అది నీరు కారితే దిష్టి లాగేసిందని లెక్క. నేను అమావాస్య అమావాస్యకీ, అన్నదమ్ములు భోజనానికి పైకొచ్చినప్పుడు క్యారియరు తెస్తానని తాళం పట్టుకుని కిందకి దిగి చూసేదాన్ని. ప్రతిసారీ సంచీ తడిసి ముద్ద. అమ్మో, ఎంత దిష్టి లాగిందో అని పొంగిపోయి, ఇంకో రెండు దోసిళ్ళు పోసేదాన్ని. ఎంత కరిగితే అంత సంతోషం నాకు. ఈ ఊరి గాలికి ఉప్పు ఊరికే నీరవుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. చెమ్మ పట్టకుండా వంటింట్లో ఉప్పుసీసాలో బియ్యపు గింజలు వేసిపెట్టేదాన్ని నేనే. అదే చెయ్యి కిందకి వెళ్ళేసరికి ఆ తెలివి మరిచిపోయేది. మొగుడు బండి పొట్టని కింద నుంచి కాపాడుకుంటుంటే, పైనుంచి నెల నెలా దాని నోట్లో ఉప్పు పోశాను.

రెండేళ్ళు కాకముందే ఒక వానరోజు మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి వచ్చారు. చెయ్యి కడుక్కుంటూ మా మరిది, "అన్నా, నా కాళ్ళ దగ్గర నీళ్ళొస్తున్నాయి. పైనుంచి కాదు, కిందనుంచి" అన్నాడు. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "తిన్నాక చాప ఎత్తి చూద్దాం" అన్నారు. నేను మజ్జిగ మర్చిపోయానని, షాపుకని చెప్పి, తాళం తీసుకుని కిందకి పరుగెత్తాను. సంచీ లాగితే దాని అడుగు కుళ్ళి ఊడి చేతికొచ్చింది. తీసుకెళ్ళి చెత్తకుండీలో వేసి, చేతులు చీరకి తుడుచుకుని పైకొచ్చాను. మజ్జిగ తేలేదేమని ఎవరూ అడగలేదు.

చాప ఎత్తేసరికి అడుగు రేకు ఎర్రటి అప్పడంలా పొరలు లేచిపోయి ఉంది. దాని మీద తెల్లటి పొర. వర్క్‌షాపు చైనా అంకుల్ వచ్చి స్క్రూడ్రైవరుతో నొక్కితే అది నేలకి దిగిపోయింది. "అండర్ ఓకే లా. ఫ్రమ్ ఇన్‌సైడ్. సాల్ట్! యూ క్యారీ ఫిష్, ఆర్?" అన్నాడు. మా ఆయన ఆ తెల్లపొరని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. కోపం తర్వాత వచ్చింది, ముందు ఏడుపొచ్చింది ఆయనకి.

"ఏరా, చేపల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని తెస్తున్నావా?" అన్నారు.

"లేదన్నా."

"రేవులో నీ స్నేహాలు నువ్వింకా మానలేదు కదా? నిన్న నీ చొక్కా చేపల కంపు కొట్టలేదూ?"

కొట్టింది. ఎందుకు కొట్టదు? వంజరం పులుసు తినాలనుందని నేనే అడిగితే, ముందురోజు బస్సులో రేవుకి వెళ్ళి, బస్సులోనే పట్టుకొచ్చాడు. ఆ పులుసు ముగ్గురం తిన్నాం.

"నా పిల్ల మీద ఒట్టన్నా, ఒక్క చేప ఈ బండెక్కించనేదు" అన్నాడు. ఆ పిల్లే ఇప్పుడిది రాస్తోంది. అప్పటికి ఊళ్ళో తల్లి దగ్గర ఉన్న నాలుగేళ్ళ పిల్ల. ఆ మాట అని, అప్పుడు నా వంక తిరిగి, "వదినా, నువ్వు చెప్పు" అన్నాడు.

అతను ఆ మాట తన మంచితనానికి సాక్ష్యం చెప్పమని అడిగాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. రోజూ ఆ సీటులో కూర్చునే మనిషికి మడమ కింద మూట తగలదా? వంగి చూడడా? ఆ కుట్టు చూసి, ఆ దిండుగలీబు పువ్వులు చూసి, ఎవరిదో పోల్చుకోలేడా? ఇవాళ పొద్దున్నే తెలిసింది నాకు, "నువ్వు చెప్పు" అంటే "నేను చెప్పను, నువ్వే చెప్పు" అని. నేను చెప్పింది, "బండి సంగతి నాకేం తెలుసయ్యా?" అని. అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత బండి నేలకేసి చూస్తూ, "సరే అన్నా, నేనే అనుకో" అన్నాడు.

అన్న కింద పనిచేసేవాడు కనుక, అన్న వద్దనగానే ఇక్కడ ఉండే పర్మిట్టు కూడా పోయింది. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు బండిలో దించుతానని మా ఆయన అనలేదు. అతను బస్సెక్కాడు. చెప్పుల జత పేపర్లో చుట్టుకుంటుంటే, "ఆకలేస్తే తిను" అని పులిహోర పొట్లం చేతిలో పెట్టాను. నోట్లో నుంచి రావలసిన మాట రాక, పొట్లం ఇచ్చాను. తీసుకున్నాడు, "ఉంటాను వదినా" అన్నాడు. ఊళ్ళో ఏమనుకున్నారో నేను అడగలేదు. అన్న నమ్మి బండి చేతికిస్తే దొంగచాటుగా చేపలు తోలాడని మా అత్తగారు పోయేదాకా అనుకుందని తర్వాత తెలిసింది. అన్నదమ్ములు మళ్ళీ ముఖాలు చూసుకోలేదు. బండికి కొత్త రేకు వేయించారు కానీ, మా ఆయన ఆ తర్వాత ఎప్పుడూ దాని కింద దూరలేదు. సాటే పుల్లలు ప్లేటులోనే వదిలేసేవారు.

చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. రాయడం రాదు కదా, ఉత్తరం ఎలా అనుకున్నాను. రాయడం రాకపోతే నోరు లేదా? ఫోన్లు లేవా? ఆయనకి కోపం చల్లారాక చెబుదామనుకున్నాను. చల్లారాక, ఇప్పుడు మళ్ళీ రేపడం ఎందుకనుకున్నాను. ఆఖరికి ఆయనే మంచం మీద నుంచి అడిగారు. "చేపలు కాదండీ, ఉప్పు నాది" అంటే సరిపోయేది. తమ్ముడి మీద మనసు కడుక్కుని పోయేవారు. నేను దుప్పటి సర్దాను.

టైపు చప్పుడు ఆగిపోయింది. ఏమ్మా, ఏడుస్తున్నావా, కోపమా? రెండూ సరైనవే. నా ఇంట్లో నా చేతి అన్నం ఇన్ని నెలలు తిన్నావు, ఒక్కపూటైనా చెప్పలేదు నీకు. లేచి వెళ్ళాలనుంటే వెళ్ళు, కానీ ఇది పూర్తి చేసి వెళ్ళు. మెత్తబరచి రాయకు. నేను భయపడ్డానని రాయి. మొగుడి కోపానికి కాదు, ఆయన నన్ను చూసి నవ్వుతారేమోనని భయపడ్డాను. అంత చిన్న భయానికి ఒక మనిషిని పంపించేశానని రాయి. ఇది మీ నాన్నకి పంపుదాం. అతనికి కొత్త విషయమేమీ కాదు, కానీ నా నోట విన్నది కాదు.

ఆ తెల్ల బండికి గవర్నమెంటు పదేళ్ళు గడువు పెట్టింది, గడువు తీరిన రోజున ఠంచనుగా తుక్కుకి పోయింది. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు. అందుకే ఇంతకాలం పట్టింది. ఏదీ, కళ్ళు తుడుచుకుని మొదటినుంచి చదివి వినిపించమ్మా. ఆస్పత్రి మాట దగ్గర తొందరపడకుండా చదువు.