అండాలమ్మ కొత్త మోకాలు, ఎడమకాలి మట్టె

2022 వానకాలం. నాచారంల మా ఫిజియోథెరపీ క్లినిక్ చిన్నది. రెండు మంచాలు, ఒక సైకిలు, నొప్పికి పెట్టే ఒక కరెంటు మిషిన్. మా దగ్గరికొచ్చే పెద్దోళ్లకు ఆ మిషిన్ మీదనే మస్తు నమ్మకం. ఎక్సర్‌సైజులు చెయ్యమంటె మొకం మాడ్చుకుంటరు. "జర కరెంటు పెట్టు బిడ్డా" అనుకుంట మంచమెక్కుతరు.

అండాలమ్మ గూడ గట్లనే వచ్చింది. నాలుగేండ్ల కింద కుడి మోకాలుకు ఇంప్లాంట్ ఏసిన్రు, అంటె అరిగిన కీలు తీసి లోహం, ప్లాస్టిక్‌తోని చేసిన కీలు పెట్టుడు. ఆపరేషన్ అయినంక నడిపిచ్చింది నేనే. అప్పట్ల నన్ను తిట్టని రోజు లేదు, సర్వపిండి చేసి తేని వారం లేదు. పెద్దమ్మా అని పిలుసుకుంట.

ఆ రోజు పెనిమిటి నర్సింహ భుజం పట్టుకొని కుంటుకుంట ఆటో దిగింది. ఆయన మల్లాపూర్ల వర్క్‌షాపుల ఫిట్టర్ జేసి రిటైరైండు.

"నిన్నటిదాంక మంచిగనే ఉన్నది బిడ్డా. మెట్లెక్కంగ బెణికినట్టున్నది. జర కాపడం పెట్టి, కరెంటు పెట్టు," అన్నడు.

చెయ్యి పెట్టి చూసిన. మోకాలు వాచి నిగనిగలాడుతున్నది, పెనం లెక్క కాలుతున్నది. జ్వరం గూడ ఉన్నది. ఇది బెణుకుడు కాదనిపిచ్చింది. పంటి కింద చీము పట్టినా, మూత్రంల ఇన్ఫెక్షన్ ఉన్నా, ఎక్కడో పుండైనా, ఆ క్రిములు రక్తంల కలిసి పోయి మార్చిన కీలు మీద తిష్ట ఏస్తయి. లోహం మీద పొర కట్టుకున్నయంటె మందులకు లొంగవు. ఆలస్యమైతె ఇంప్లాంట్ మొత్తం తీసుడే.

"పెద్దమ్మా, పంటి నొప్పిగాని, మూత్రంల మంటగాని, ఎక్కడన్న పుండుగాని ఉన్నదా?"

"నాకేం రోగం బిడ్డా? నువ్వు కరెంటు పెట్టరాదు!"

అనుడైతె అన్నది గని, ఎడమ పాదాన్ని చీర కుచ్చిళ్లల్లకు గుంజుకున్నది. కుచ్చిళ్లు లేపి చూసిన. రెండో వేలు ఉబ్బి నల్లబడ్డది. మట్టె కండల్లకు దిగిపోయింది. పైన మందంగ పసుపు మెత్తింది, కింద అంత చీమే.

"ఇదేంది పెద్దమ్మా! కొంప ముంచుకుంటవా?"

"ఒర్రకు బిడ్డా, ఆయన ఇంటడు." గొంతు తగ్గిచ్చింది. "ఆయన గుండెకు స్టెంట్ ఏసిన్నాడు మొక్కుకున్న, నా పానం పోయేదాంక మట్టెలు తియ్యనని. మీకు చూపెడితె తియ్యమంటరు. తీస్తె ఆయనకు ఏమన్నయితది."

ఆయన విననే విన్నడు.

"ఏందే పిచ్చిదానా! నా పానం తీస్కపోయి నీ కాలేలుకు కట్టినవా? నువ్వు మంచాన వడితె నాకెవ్వరున్నరే?" తిట్టుకుంటనే కండ్లు తుడుసుకున్నడు.

కాపడం పెట్టలే, కరెంటూ పెట్టలే. మోకాలు మార్చిన సర్జన్‌కు ఫోన్ జేసి, అదే ఆటోల ఉప్పల్‌ల దవాఖానకు పోయినం. సర్జన్ మోకాలుల నుంచి సూదితోని నీళ్లు, వేలుల నుంచి చీము తీసి కల్చర్‌కు పంపిండు. అది ఏ క్రిమి ఉన్నదో పెంచి చూసే పరీక్ష. ఇగ మట్టె కొయ్యాలె అన్నడు. అండాలమ్మ కాలు ఎనుకకు గుంజుకున్నది.

"మోకాలు పోతె పోనీ సారూ. దాన్ని ముట్టొద్దు."

అప్పుడు నర్సింహ ముందుకొచ్చిండు. "పెండ్లినాడు నేనే తొడిగిన, నేనే తీస్త. ఏమన్న ఉంటె దేవునితోని నేను మాట్లాడుకుంట." సర్జన్ ఒక్క నిమిషం ఆలోచించి, మట్టె కింద సన్నటి రేకు జొనిపి కట్టర్ ఆయన చేతికిచ్చిండు. బతుకంత ఇనుము కోసిన చేతులతోని మెల్లగ ఒత్తిండు. టక్కుమన్నది. అండాలమ్మ వేలు దిక్కు చూడనే లేదు, ఆయన మొకమే చూసింది.

"మంచిగున్నవా?" అని అడిగింది.

"నాకేమైతదే? నువ్వు మంచిగ గావాలె."

నాకు ఏడుపాగలే.

ఆపరేషన్ జేసి మోకాలు తెరిచి కడిగిన్రు, నడుమల ప్లాస్టిక్ ముక్క మార్చిన్రు. వేలుల చీముల ఉన్న క్రిమే మోకాలుల గూడ దొరికింది. చాన దినాలు యాంటీబయాటిక్స్ నడిచినయి. ఇంప్లాంట్ దక్కింది. ఇప్పుడు పెద్దమ్మ కూరగాయలకు తనే నడిచి పోతది, సంచి ఆయన మోస్తడు.

కీలు మార్పిచ్చుకున్నోళ్లకు నెత్తి నుంచి కాలి గోరు దాంక ఎక్కడ చీము పట్టినా దాయొద్దని ఆ దినం నుంచి అందరికీ చెప్తున్న. ఆడోళ్లు వస్తె ఇంకో మాట గూడ అడుగుతున్న: "ఎవరి కోసం ఓర్సుకుంటున్నవ్ అమ్మా?" ముందుగాల నవ్వుతరు. ఆ తర్వాత కుచ్చిళ్లు లేపి కాలు ముందుకు పెడుతరు.