నిలార్ వాచీకి కొత్త డయల్

బర్మాలో, మౌలమ్యైన్ పెద్ద బజారు వెనక సందులో నా టీ దుకాణానికీ, ఉ సాన్ పే వాచీలు బాగుచేసే బల్లకీ మధ్య ఒక్క గొడుగు నీడే అడ్డు. అందుకే మా నిలార్ సంగతి నేను కళ్ళారా చూశాను.

నిలార్ పొద్దున్నే రేవులో బంక అన్నం అమ్మేది. పైన ఉడికిన బఠాణీలు, నువ్వుల ఉప్పు. వాళ్ళ నాన్న నది మీద ఫా-ఆన్ ఊరికి వెళ్ళే లాంచీ నడిపేవాడు. ఆయన చేతికి ఎప్పుడూ ఓ స్విస్ వాచీ ఉండేది. రేవులో కూలీలు దానివైపే చూసి టైము చెప్పుకునేవారు. నది మీద వంతెన కట్టాక లాంచీ ఆగిపోయింది. ఆయన కూడా ఎక్కువకాలం బతకలేదు. వాచీ కొడుకు యే లిన్ చేతికెక్కింది. అతను దాంతోనే థాయ్ చేపల పడవల్లో పనికి వెళ్ళాడు.

తిరిగి రాలేదు. అతనితో వెళ్ళిన మో జో ఒక్కడే వచ్చాడు, వాచీ పట్టుకుని.

“జ్వరంతో పోయాడమ్మా. ఓ దీవిలో పూడ్చిపెట్టాం. భిక్షువు వచ్చి పారాయణం చేశాడు,” అన్నాడు నిలార్ తల్లితో.

వాచీ అద్దం కింద డయల్ నల్లబడి ఉంది. అంకెలు రాలిపోయాయి. ముళ్ళు తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. తల్లి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. ఎవరు పలకరించినా, “నా బిడ్డకి పారాయణం జరిగింది, మట్టి దక్కింది,” అనేది. ఆ మాట పట్టుకునే ఆవిడ ఇన్నేళ్ళూ బతికింది.

మొన్న వానాకాలంలో ఆవిడ కూడా పోయింది. దినం అయ్యాక నిలార్ వాచీ తెచ్చి ఉ సాన్ పే బల్లమీద పెట్టింది.

“ఉలే, ఇది మళ్ళీ నడుస్తుందా?” అంది, బాబాయ్ అన్న వరసలో.

ఉ సాన్ పే వెనక మూత తీసి చూశాడు. నిలార్‌ని ఆయన తమీ అనే పిలిచేవాడు, కూతురన్నట్టు. “యంత్రం బతుకుతుంది తమీ. మొహమే పోయింది.”

“అయితే మొహం మార్చండి. నాన్న ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాగే. మీగడ రంగు, పన్నెండు మాత్రం ఎరుపు.”

“నాకు చెప్తున్నావా? మీ నాన్న చేతి మీద కన్నా నా బల్ల మీదే ఎక్కువ ఉండేదది.”

అలాంటి డయల్ దొరకడం అంత తేలిక కాదు. రంగూన్‌లో తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టాడు. నిలార్ రోజూ బుట్ట ఖాళీ కాగానే వచ్చి, “మొహం వచ్చిందా?” అని అడిగేది.

“పెళ్ళికొడుకు కోసం కూడా ఇలా ఎదురుచూడరే,” అన్నాను ఓసారి.

“పెళ్ళికొడుకైతే ఈపాటికి ఇంకొకణ్ణి చూసుకునేదాన్ని అకో,” అంది. నేను ఆమెకి అన్న వరస. తల్లి పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

చివరికి డయల్ వచ్చింది. ఆవేళ నిలార్ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఉ సాన్ పే ముళ్ళు ఊడదీసి, పాత డయల్ పైకి లేపి, పట్టకారుతో తిరగేశాడు. భూతద్దం కంటికి పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూశాడు. నేను పెట్టిన టీ చల్లారిపోయింది.

“ఏమైంది ఉలే?”

“డయల్ కింద రెండు కాళ్ళుంటాయి తమీ, యంత్రంలో దిగడానికి. మీ నాన్న వాచీ లాంచీ డెక్కు మీద పడి ఒక కాలు విరిగింది. నేనే రాగి తీగ అతికించాను. దీనికి రెండు కాళ్ళూ సొంతవే.”

“ఎవరైనా డయల్ మార్చారేమో?”

“బాగుచేసినప్పుడు మూత లోపల నేను గీసిన గుర్తు కూడా లేదు. మొన్న తుప్పు తినేసిందనుకున్నాను.” ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. “ఇది మీ నాన్న వాచీ కాదమ్మా.”

మో జో అప్పటికి అదే రేవులో సైకిల్ రిక్షా తొక్కుతున్నాడు. నిలార్ వెళ్ళి పిలుచుకొచ్చి నా దుకాణంలో కూర్చోబెట్టింది. నల్లటి డయల్ అతని ముందు పెట్టింది.

“ఇది ఎవరిది?”

అతను దాన్ని వేలితో తాకి చూశాడు. తర్వాత ఒక్కసారిగా ఏడుపు బయటపడింది.

“వల లాగుతుంటే అల కొట్టిందక్కా. వాచీతోనే పోయాడు. పడవ ఆపమని సరంగు కాళ్ళు పట్టుకున్నాను, ఆపలేదు. ఒట్టి చేతులతో అమ్మ ముందు ఎలా నిలబడను? థాయ్ రేవు మహాచాయ్ బజారులో అలాంటిదే పాతది కొన్నాను. బాగా ఉంటే అది వేరేదని గుర్తుపడుతుందని ఉప్పునీళ్ళలో నానబెట్టాను.”

“దీవి?”

“లేదు.”

“భిక్షువు?”

అతను తల అడ్డంగా ఊపాడు.

నిలార్ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుని వంగిపోయింది. “అమ్మతో ఎంత అందంగా చెప్పావురా! మట్టి వేశామన్నావు కదరా!” అంటూనే ఉంది. తమ్ముడు పోయి ఏళ్ళు గడిచినా, ఆ రోజే పోయినట్టు ఏడ్చింది. మో జోని పొమ్మనలేదు. అతనూ లేవలేదు.

సాయంత్రం ఉ సాన్ పే మెల్లగా అడిగాడు. “కొత్త డయల్ బిగించమంటావా, వద్దంటావా?”

“బిగించండి ఉలే. నాన్నది కాకపోతే ఏం, అమ్మది. ఇన్నేళ్ళు అమ్మ దిండు కింద ఉంది. నడవనివ్వండి.”

ఆ నెల బౌద్ధ విహారంలో భిక్షువులకు భోజనం పెట్టింది. పళ్ళెంలో నీళ్ళు వదులుతూ ఆ దానం పుణ్యం ఎవరెవరికి చెందాలో చెప్పమంటే, అమ్మ పేరు, నాన్న పేరు చెప్పింది. యే లిన్ పేరు చెప్పి చేతి వాచీ తడిమి చూసుకుంది. “ఈ వాచీ మొదట ఎవరిదో, వాళ్ళకి కూడా,” అంది.

మో జో గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. పిలిచినవాళ్ళెవరూ లేరు, తనే వచ్చాడు. భిక్షువుల భోజనాలయ్యాక నిలార్ ఒక పళ్ళెంలో అన్నం, కూర వడ్డించి తీసుకెళ్ళి, మొహం చూడకుండానే అతని ముందు పెట్టి వచ్చేసింది. అతను తినలేకపోయాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అందరూ వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.