సుత్తి బాబాయి ఆఖరి చక్రం

ముప్పై ఆరేళ్ళు రైలు చక్రాల మీద సుత్తితో కొట్టి, మోత విని మంచీచెడూ తేల్చిన మనిషి. ఖంగున మోగితే చక్రం క్షేమం. బొంగురుపోతే ఎక్కడో పగులుంది. స్టేషనంతా అతన్ని సుత్తి బాబాయ్ అనేది. "ఆ పేరు పెట్టినవాడు దొరకాలి, ఇదే సుత్తితో సన్మానం చేస్తా!" అని అతను నవ్వేవాడు.

ఇంట్లో భార్యది ఒకటే గోల. "కుక్కర్ కూతలు పెట్టి పెట్టి మాడిపోతున్నా ఉలకవు, పలకవు. నీకు చెవులున్నాయా?"

అతనికి ఒళ్ళు మండేది. "పగుళ్ళు పట్టే చెవులే ఇవి! నీ కుక్కరొక లెక్కా?" మాటలన్నీ బాగానే వినిపిస్తున్నాయి మరి, అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

రిటైరయ్యే రోజు తొమ్మిదిన్నర బండిని ఒక్కడే చూసి పంపించేశాడు. తర్వాత, తన చోటికి వచ్చినామెకు పని అప్పగిస్తూ, షెడ్డులో ఖాళీ రైలు పెట్టె చక్రానికి ఒక్కటిచ్చాడు. "విన్నావుగా? బంగారం!" అంటూ పక్క చక్రం దగ్గరికి నడిచాడు.

ఆమె కదల్లేదు. "బాబాయ్, ఇది బొంగురుగా ఉంది."

"ఏడ్చినట్టుంది. మళ్ళీ విను." మళ్ళీ కొట్టాడు. ఖంగుమంది.

ఆమె మసి తుడిచి టార్చి వేసింది. అంచున సన్నటి గీత, వేలెడు పొడుగు.

అతను రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని, "కొట్టు" అన్నాడు. ఆమె కొట్టింది. సుత్తి తగలడం చూశాడో లేదో, అదే ఖంగు! ఈ మోత తన బుర్రే మోగించుకుంటోంది. ఎన్నాళ్ళ నుంచి? భగవంతుడా, ఎన్ని బండ్లు?

ఆ తొమ్మిదిన్నర బండి ఇంకా దారిలోనే ఉంది. నిండా జనం.

అతను పడుతూ లేస్తూ స్టేషన్ మాస్టరు గదికి పరుగెత్తాడు, వెనకే ఆమె. అక్కడ వీడ్కోలు సభకు అందరూ సిద్ధంగా ఉన్నారు. 'ఒక్క పగిలిన చక్రమూ తప్పించుకోలేదు' అని రాసిన ప్రశంసాపత్రాన్ని మాస్టరు అతని చేతిలో పెట్టబోయాడు.

"సార్, బండి ఆపించండి! నాకు మాటలే గానీ మోతలు వినపడట్లేదు."

మాస్టరు నిర్ఘాంతపోయాడు. "ఏంటయ్యా ఇది? ఇంకో పూట ఆగితే గౌరవంగా ఇంటికెళ్ళేవాడివి కదా!"

"నా గౌరవం గంగలో కలవనీ సార్. ముందు ఫోన్ చెయ్యండి!"

ముందున్న స్టేషన్లో బండి ఆగింది. అక్కడివాళ్ళు చక్రాలు చూస్తున్నారన్నారు. ఉన్నట్టుండి గదిలో అందరి తలలూ ఒక్కసారిగా బల్ల వైపు తిరిగాయి. ఎందుకో అతనికి అర్థం కాలేదు. మాస్టరు రిసీవరు ఎత్తాక గానీ తెలియలేదు, ఫోన్ మోగిందని.

మాస్టరు ముఖం పాలిపోయింది, కొత్తామె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె అతని ఎదురుగా వచ్చి ఒక వేలు చూపించి, "పగులు ఒకటి దొరికింది, బాబాయ్. మూడో పెట్టె చక్రానికి" అంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"మా ఆవిడ రెండేళ్ళుగా చెబుతూనే ఉంది" అన్నాడు.