కారు షెడ్డు పాట

ఇస్త్రీ కొట్టు బాబాయికి ఒక్క పాటంటే ప్రాణం. ఎప్పుడో నలుగురు కుర్రాళ్ళు ఒక కారు షెడ్డులో గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని హోరెత్తించి పాడి, క్యాసెట్టుకి ఎక్కించి, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. అందులో పాడే కుర్రాడు రెండో చరణం తొందరపడి ముందే అందుకుంటాడు. నాలిక కరుచుకుని, నవ్వేసి, మళ్ళీ మొదలుపెడతాడు. షెడ్డు యజమాని కారు వచ్చే వేళయిందట, ఇంకోసారి పాడే వీల్లేక అలాగే ఉంచేశారు. బాబాయికి ఆ నవ్వంటేనే పిచ్చి. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఆ పాట మోగాలి, ఆ చోట తనూ గొంతు కలిపి తప్పుగా అందుకోవాలి.

తర్వాత ఎవరెవరో ఆ పాటను తమ పద్ధతిలో పాడారు. ఫోన్లో వెతికి మరీ అన్నీ విన్నాడు. కొందరు ఆ తప్పు తీసేశారు. "ముడతన్నది లేకుండా చేశారు. చొక్కా అనుకున్నారేమో!" అన్నాడు. కొందరు నవ్వు నటించారు. "అద్దె నవ్వు" అని పెదవి విరిచాడు. ఒక్కటీ గట్టెక్కలేదు.

అలాంటిది, కూతురు ఆ పాటే పాడతానంది. కార్మిక సంఘం హాల్లో, అందరి ముందూ, ఒంటి గిటారుతో. ఆయన గుండెల్లో రాయి పడింది.

"బాగుందని ఒక్క మాటనండి, మీ సొమ్మేం పోదు," అంది భార్య.

"బాగోకపోతే?"

"బాగోకపోయినా. అబద్ధమైనా అతికినట్టు చెప్పాలి."

"నాకు అతకదే!"

"తెలుసు. మీ మొహం ముందే చాడీలు చెప్పేస్తుంది. తల వంచుకు కూర్చోండి."

హాల్లో చివరి వరసలో తల వంచుకునే కూర్చున్నాడు. పిల్ల ఆ పాటను నెమ్మదిగా, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు పాడింది. ఎన్నడూ వినని పాటలా ఉంది. ఆయన తనకు తెలియకుండానే తలెత్తాడు. మొదటి చరణం అయింది. గిటారు ఒక్కటే మోగుతోంది. ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా! రెండో చరణం ముందే అందుకున్నాడు, గొంతెత్తి మరీ.

హాలంతా వెనక్కి తిరిగింది. భార్య మోచేత్తో పొడిచింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది ఆయనకి. స్టేజీ మీద పిల్ల ఆగిపోయి, ఫక్కున నవ్వింది. ఎంతకీ ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

ఇంటిదారిలో ఆయన వెనకబడి నడుస్తుంటే పిల్ల ఆగింది.

"ఎలా ఉంది నాన్నా?"

"చెడగొట్టానమ్మా."

"నవ్వు తీసేస్తే తిడతావ్, నటిస్తే తిడతావ్. అక్కడేం చెయ్యాలో తోచక ఊరికే గిటారు వాయిస్తున్నా. నువ్వే గట్టెక్కించావ్. అది కాదు, పాట ఎలా ఉంది?"

ఆయన ఆమె భుజం మీది గిటారు సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు.

"ఇంటికెళ్ళాక ఇంకోసారి పాడతావా? ఈసారి నోరు మూసుకుంటాలే."

"ఆ మాట మాత్రం నేను నమ్మను," అంది తల్లి.