కాటుక వీపు మీద బొచ్చు ఊడిన ఎండాకాలం

మా చిన్నప్పుడు... ఒకరోజు బడి నుంచి వచ్చి పిల్లిని ఒళ్ళోకి తీసుకుంటే, వేళ్ళకి బొచ్చు బదులు చర్మం తగిలింది. మెడ వెనక నుంచి తోక దాకా బొటనవేలంత వెడల్పున ఒక చార. నున్నగా, ఎర్రగా.

దాని పేరు కాటుక. పేరుకు తగ్గట్టే ఒళ్ళంతా నలుపు. నేనప్పుడు ఆరో తరగతి. మాది పొందూరు. నాన్న మగ్గం నేసేవారు. అమ్మ, మా మేనత్త ఇంట్లోనే నూలు వడికేవారు.

అత్తకి పిల్లల్లేరు. మావయ్య పోయాక మా ఇంటికే వచ్చేసింది. దీపం పెట్టడం, తులసికి నీళ్ళు పోయడం, అన్నీ నాకు ఆవిడే నేర్పింది. అందుకే మొదట ఆవిడ దగ్గరికే పరుగెత్తాను.

"అత్తా, కాటుకకి బొచ్చు ఊడిపోతన్నాది, సూడు."

చేతిలో పని ఆపకుండానే ఓసారి చూసింది. "ఎండలు ముదురుతన్నాయి గదే గుంటా... జంతువులకి ఊడతాది. కొబ్బరినూనె రాయి."

రాశాను. వేపాకు నూరి, పసుపు కలిపి కూడా రాశాను. కాటుక అదంతా నాకేసి, వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి నా పక్కనే పడుకునేది. చార మాత్రం రోజురోజుకీ వెడల్పయింది.

ఎవరైనా వేడి గంజి పోశారేమో అంది అమ్మ. పక్కింటి సూరమ్మ పెద్దమ్మకి పిల్లి అంటే పడదు. చేపల కూరలో మూతి పెట్టిందని ఒకసారి చీపురు విసిరింది కూడా. ఇంకేం... గోడ దగ్గర నిలబడి అడిగేశాను.

"పెద్దమ్మా, గంజి నువ్వే పోసినావు కదా?"

"ఓలమ్మ ఓలమ్మ, ఏటే ఈ గుంట... మాకు తాగడానికే గంజి సాలదు, నీ పిల్లికి పోత్తానా? కాలితే బొబ్బలుండవేటి? కళ్ళెట్టి సూసినావా?"

ఆ మాటలో న్యాయముందని నాకు తట్టలేదు. ఆవిడతో మాట్లాడడం మానేశాను.

ఆ సాయంత్రమే అత్త దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "మొక్కుకోవే. నాలుగు శనివారాలు సప్పిడి తిను. స్వామి సూసుకుంటాడు."

ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని పప్పు... ఎంత కష్టమో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. అత్తే వేరే గిన్నెలో వండి పెట్టేది. నేను కళ్ళు మూసుకుని మింగుతుంటే "మా తల్లే" అని తల నిమిరేది.

మూడో శనివారం నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నేను వచ్చేసరికి వెనక వసారాలో అత్త ఒక్కతే ఉంది. ఒళ్ళో కాటుక. చేతిలో వాలుగ చేప దవడ.

తెలియనివాళ్ళకి చెబుతాను... మా ఊళ్ళో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దానికి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. గింజ తియ్యక ముందు దాంతో దువ్వితే చెత్తా నలుసూ పోయి పత్తి మెత్తబడుతుంది. ఆ పళ్ళతో అత్త పిల్లి వీపు దువ్వుతోంది. ఒక చేత్తో మెడ పట్టుకుని, పత్తిని లాగినట్టే లాగి లాగి... ఎముక నిండా నల్ల బొచ్చు.

కాటుక కళ్ళు మూసుకుని గురగురమంటోంది. మధ్యమధ్య తల తిప్పి ఆ ఎముకను నాకుతోంది. చేప వాసన కదా... నాకు దాని మీద కూడా కోపం వచ్చింది.

"అత్తా..."

ఆవిడ దవడని కుచ్చిళ్ళ కిందికి జరిపింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, తీసి పక్కన పెట్టింది.

"నూలులో నల్లెంటికలు వస్తన్నాయని ఖద్దరు సంఘమోళ్ళు రెండుమాట్లు తిరగ్గొట్టినారే. మీ నాన్నకి తెలిస్తే దీన్ని సంచిలో కట్టి రైలెక్కించి ఒగ్గేస్తాడు. ఊడే బొచ్చేదో ముందే తీసేస్తే దూదిలో పడదనుకున్నాను. పత్తికి నొప్పెట్టదు గదా... దీనికీ పెట్టదనుకున్నాను."

"మరి నన్ను సప్పిడి ఎందుకు తినమన్నావు?"

అత్త దవడ పళ్ళలోంచి బొచ్చు తీయసాగింది. "నువ్వు ఏడుత్తంటే సూడలేక..." అంది. అంతే.

పిల్లిని కాపాడాలనే చేసిందని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు మాత్రం నాకు గుర్తొచ్చినవి వేరు. "ఎవరు చేశారో చూపించు స్వామీ" అని నేను ఏడుస్తుంటే పక్కనే హారతి పట్టుకుని నిలబడింది ఆవిడే. సూరమ్మ పెద్దమ్మని నేను తిట్టిపోస్తుంటే విని ఊరుకున్నదీ ఆవిడే.

మర్నాడు అత్త జడ వేస్తానని పిలిస్తే వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఏటే, మళ్ళీ గంజి గొడవేటి?" అంది సూరమ్మ పెద్దమ్మ.

"కాదు పెద్దమ్మా. నువ్వు కాదు."

"మరెవులు?"

చెప్పలేకపోయాను. చెబితే నాన్నకి తెలుస్తుంది. పిల్లి పోతుంది.

నాలుగో శనివారం కూడా చప్పిడి తిన్నాను. దేవుడికి ఇచ్చిన మాట కదా... ఈసారి నా అన్నం అమ్మ చేత వండించుకున్నాను.

అత్త దువ్వడం మానేసింది. వడికేచోటికి కాటుక రాకుండా తడిక కట్టింది. రెండు నెలలకి దానికి నల్లటి బొచ్చు నిండుగా వచ్చింది. అమ్మ మురిసిపోయింది. నాన్న కొబ్బరికాయ తెచ్చారు. కోవెలలో నలుగురి ముందూ అత్త అంది... "దీని మొక్కు ఫలించినాది. సప్పిడి తిన్నాది గదా." నావైపు చూడలేదు. నాన్న కాయ కొడుతుంటే నేను చేతులు జోడించి నిలబడ్డాను. ఆ క్షణం నుంచి ఆ అబద్ధం నాది కూడా అయిపోయింది.

మొన్న మా అమ్మాయి పిల్లికి బొచ్చు ఊడితే శ్రీకాకుళంలో పశువుల డాక్టరుకి చూపించాం. చర్మం గీకి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, పురుగని తేల్చి మందు రాశారు. పది నిమిషాల పని. అమ్మాయి ఎవరినీ అనుమానించలేదు, ఎవరితోనూ మాటలు మానలేదు.

ఈ రోజుల్లో నిజం ఎంత తొందరగా తెలిసిపోతుందో... మంచిదే. అత్త పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో ఆవిడకి అన్నం కలిపి పెట్టింది నేనే. ఆ ఎండాకాలం గురించి ఆవిడా మాటెత్తలేదు, నేనూ అడగలేదు...

బాగా నమ్మినవాళ్ళే మీ మంచికని మీ దగ్గర ఏదైనా దాచారా? తెలిసిన రోజు మీరేం చేశారు... మనసుకి కష్టం లేకపోతే కింద రాయండి. చదువుతాను.